క్యాంషాఫ్టు మీద గీతలు

నా చిన్నప్పుడు మా నాయన సొంత తమ్ముణ్ణి నరకడానికి గొడ్డలి తీశాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సింహాద్రిపురం దగ్గర మా నాయనకూ చిన్నాన్నకూ ఉమ్మడి బావి ఉండేది, దాని మీద ఆయిల్ ఇంజన్. నీళ్ల వంతుల కాడ ఇద్దరికీ ఎప్పుడూ మాటామాటా వచ్చేది. మా నాయనకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇంజన్‌ను మాత్రం ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

దసరా వెళ్లిన కొద్ది రోజులకే ఇంజన్ టకటకమని కొట్టుకుని, కీచుమని అరిచి ఆగిపోయింది. వరి పొట్టకొచ్చి ఉంది. నాయన పిచ్చిపట్టినట్టు అయిపోయాడు. "వాడే ఆయిల్‌లో ఇసక పోసినాడు, నా చేను ఎండబెట్టనీకి!" అంటూ పోయి చిన్నాన్నను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, పారకట్టెతో తల మీద బాదాడు. అబ్బా, ఆ చప్పుడు! నెత్తురు మెడ మీదుగా కారి చొక్కా తడిసింది. అడ్డం పడిన చిన్నమ్మను విసిరేస్తే ఆమె గాజులు పగిలి చేతుల్లో దిగాయి. చిన్నాన్నను ఇంజన్ కొట్టం గుంజకు కట్టేసి, గొడ్డలి తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. నేను చిన్నాన్న కాళ్లు పట్టుకుని వదలకపోతే నన్ను కాలితో తన్నాడు. ఊరంతా చూస్తూ నిలబడింది కానీ ఒక్కరూ దగ్గరికి రాలేదు, పిరికి సన్నాసులు!

ఇంజన్ విప్పడానికి ప్రొద్దుటూరు నుంచి మేస్త్రీ సాయిబు వచ్చాడు. ఇసుక ఉందని ఆయన నోటితో చెప్పించి, అందరి ముందూ నరకాలని మా నాయన పంతం. సాయిబు గుంజ వైపు చూశాడు, గొడ్డలి వైపు చూశాడు, ఇంజన్ విప్పాడు. లోపల వాల్వులను తెరిచి మూసే గుబ్బల కడ్డీ ఉంటుంది, దాన్నే క్యాంషాఫ్టు అంటారు. దాన్ని బయటికి లాగితే, బేరింగుల్లో తిరిగే చోటల్లా గీతలు.

"ఇసకే గదా? నేను జెప్పలా!" అని నాయన ఎగిరి లేచాడు.

"ఇసకే. ఎవురు పోసిందీ కడ్డీ చెప్పదు గదప్పా. నరికేది యాడికీ పోదులే, ముందు దీన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకో," అన్నాడు సాయిబు.

వరి గుర్తొచ్చిందేమో, నాయన పట్టుకున్నాడు. సాయిబు ఇనుము నునుపు చేసే ఎమరీ గుడ్డను ఆయిల్‌లో ముంచి కడ్డీకి చుట్టి, దాని మీద తాడు వేసి అటూ ఇటూ లాగసాగాడు. నడుమ నడుమ నాయనను గోరుతో గీకి చూడమనేవాడు. "గోరు తట్టుకుంటాంది గదా, ఇంకా రుద్దల్ల. విడవాకు," అనేవాడు. నాయన దవడలు అదురుతూనే ఉన్నాయి, చేతులకు మాత్రం తీరిక లేదు. సాయిబు కావాలనే అలా చేశాడని నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు.

గీతలు తేలిపోయాక సాయిబు ఆయిల్ పారే రంధ్రంలో తీగ పెట్టి పొడిచాడు. ఇసుక అంటిన కొబ్బరి పీచు ఉండ ఒకటి వచ్చి పడింది. చూడగానే నా నోట్లోంచి మాట జారిపోయింది. "నాయనా, అది నువ్వు మూత తోమిన పీచు గదా?"

మా వైపు ఆయుధ పూజకు ఇంట్లోని ఇనుమంతా మెరిసేదాకా తోముతారు. ఆ దసరాకు నాయన ఇంజన్‌ను కూడా వదల్లేదు. పక్కమూత విప్పి, ఇత్తడి చెంబు తోమినట్టు ఇసుకతో, పీచుతో లోపలంతా తోమి, పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాడు. ఆ రోజు కూడా చిన్నాన్నను దగ్గరికి రానివ్వలేదు.

సాయిబు గొడ్డలిని కాలితో మెల్లగా పక్కకు తోశాడు. నాయన లేచి పోయి కట్లు విప్పాడు. విప్పీ విప్పగానే చిన్నాన్న ఆయన ముఖాన ఒక్క గుద్దు గుద్దాడు. ముక్కు పగిలి నెత్తురు కారింది. "కొట్రా, ఇంగా కొట్టు," అని నాయన నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

గుబ్బలు అరగలేదు కాబట్టి అదే కడ్డీ మళ్లీ వేశారు. ఇంజన్ ఏళ్ల తరబడి ఆడింది. ఆ పారకట్టె దెబ్బకు చిన్నాన్న ఎడమ చెవి మాత్రం మరి వినబడలేదు.

ఇప్పుడు ఎవరైనా మండిపడుతూ నా దగ్గరికొచ్చి "వాడే చేశాడు" అంటే, ముందు వాళ్ల ముందర చింతపండు పెట్టి గింజలు తియ్యమంటాను. ముసలిదానికి చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. చిన్నాన్న ఉన్నన్నాళ్లూ ఆయన కుడిపక్కనే కూర్చుని మాట్లాడాను. ఆయన పోయి ఇన్నేళ్లయినా, ఎవరి దగ్గర కూర్చోవాలన్నా నేను కుడిపక్కకే పోతాను.