బాబాయి కారు, ఒంటి తుమ్ము

మా వైపు ప్రయాణం బయలుదేరే వేళ ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మితే, ఎంత తొందర పనైనా సరే, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. రెండు తుమ్ములైతే ఫరవాలేదు. రెండోది మొదటిదాన్ని కొట్టేస్తుంది. ఈ లెక్క ఎవరు కట్టారో తెలియదు గానీ, నా విలేకరి జీవితంలో దీన్ని గట్టిగా కాదన్నవాళ్ళను నేను చూడలేదు. నమ్మకం లేదనేవాళ్ళు కూడా ఎందుకొచ్చిన గొడవలే అని ఆ నీళ్ళు తాగుతారు.

ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, చిలకలూరిపేట పక్కన మా ఊళ్ళో మా బాబాయికి ఒక కారు ఉండేది. అందులో ఎక్కినవాళ్ళెవరూ తుమ్మకుండా గేటు దాటలేదు.

కారు జపాను వాళ్ళది. చిన్నది, చవకది. అది మన దేశానికి వస్తున్న రోజుల్లో నేను గుంటూరులో ఒక దినపత్రిక డెస్కులో ఉన్నాను. ఆ వార్తను తెలుగు చేసే పని నాకే పడింది. పేరు కొత్తదేమీ కాదు, తాతల నాటిది. ముగ్గురు పెట్టుబడిదారుల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి మొదట ఒక కారు చేశారట. తరువాత దానికంటే చిన్న కారు తయారైతే, ఆ అక్షరాల చివర 'కొడుకు' అనే ఇంగ్లీషు మాట తగిలించారు. తీరా చూస్తే ఆ మాట వాళ్ళ భాషలో 'నష్టం' అన్నట్టు వినిపిస్తుంది. దాంతో కొడుకును తీసేసి, అదే ఇంగ్లీషులో సూర్యుణ్ణి పెట్టుకున్నారు. సూర్యుడు బాగానే కలిసొచ్చాడు. ఆ బుల్లి కార్లు సముద్రాలు దాటి తిరిగాయి. ఆ తరువాత వాటిని చేసే పెద్ద కంపెనీ, అన్ని కార్లకూ తన పేరే ఉండాలనుకుని, ఈ పేరును అటక మీద పెట్టింది. కొన్ని దశాబ్దాల తరువాత మనబోటి దేశాల్లో మొదటిసారి కారు కొనేవాళ్ళ కోసం కిందికి దించి దులిపింది.

ఇదంతా కుదించి లోపలి పేజీలో వేశాం. మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోను చేశాడు.

"ఒరేయ్, కార్ల సంగతి రాసింది నువ్వేనా?"

"తెలుగు చేశాను బాబాయ్."

"జపానోడు కూడా శకునం చూసుకుంటాడన్నమాట. అలాంటోడి సరుకు కళ్ళు మూసుకుని కొనొచ్చు."

కొన్నాడు. పండు మిరపకాయ రంగుది. ఊళ్ళోకి తెచ్చిన రోజు టీకొట్టు దగ్గర ఆయన వరస బావ ఒకాయన అందరిముందూ అడిగాడు.

"ఏం బావా, కారు కొన్నావంట. ఏదీ, జేబులో ఉందా?"

"నీ ట్రాక్టరుకి ఏసీ ఉందేమో ముందు చూసుకో రా" అన్నాడు బాబాయి.

నిజానికి మంచి బండి. తలుపు వేస్తే బిస్కెట్ల డబ్బా మూత పెట్టినంత చప్పుడే అయ్యేది. కానీ కాస్త ఎత్తుగా ఉండేది కాబట్టి డొంకలో అడుగు తగిలేది కాదు. సందులో ఎద్దులబండి ఎదురొస్తే ఎవరూ వెనక్కి పోనక్కర్లేదు. బాబాయికి దాని మీద ఎంత ఇష్టమంటే, హైవే మీద అదే పేరున్న కారు ఇంకొకటి కనిపిస్తే హారను కొట్టి చెయ్యి ఊపేవాడు. వాళ్ళు టైరులో గాలి పోయిందేమోనని బండి ఆపి దిగి చూసుకునేవారు.

కొన్నాళ్ళకు ఆ పేరు మళ్ళీ అటకెక్కింది. ఆ వార్త కూడా నా బల్ల మీదికే వచ్చింది. ఈసారి నాలుగు వాక్యాలే. "దీన్ని తల్లిలేని పిల్లను చేశారు రా" అన్నాడు బాబాయి ఫోనులో. ఆ రోజు నుంచి ఇంకా ముద్దుగా తుడవడం మొదలుపెట్టాడు.

ఇక తుమ్ముల సంగతి. ఒక వేసవి మొదట్లో, బాబాయి పండించిన మిరపకాయంతా కల్లంలో ఎండుతున్న మధ్యాహ్నం, ఉన్నట్టుండి పడమట మబ్బు పట్టింది. ఎండిన కాయ తడిస్తే రంగు పోతుంది. రంగు పోతే మిర్చి యార్డులో దాని మొహం చూసేవాడుండడు. చుట్టుపక్కల రైతులంతా పట్టాలు కప్పుకున్నారు. బాబాయి పట్టా సగానికే వచ్చింది. మిగతా సగాన్ని ఏం చేయాలో తోచక కారు తలుపులు నాలుగూ తెరిచి, గంపలతో ఎత్తి లోపల పోశాడు. డిక్కీ నిండింది. వెనక సీటు నిండింది. ముందు సీటూ నిండింది. తాను కూర్చునే చోటు తప్ప కిటికీ అద్దాల దాకా కాయే. ఒళ్ళో కూడా కొంత పోయించుకుని, అద్దాలు బిగించి, ఏసీ పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

గేటు దగ్గర పిన్ని చూసింది. కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతూ, ఛాతీ దాకా మిరపకాయల్లో మునిగి స్టీరింగు పట్టుకుని ఉన్న మనిషి. "దిష్టి తీసి కారులో పారేసినట్టున్నారు" అంది. కాయలో ఒక్కటి కూడా తడవలేదు. ఆ ఏడు ఊళ్ళో అంత రంగున్న కాయ ఇంకెవరికీ లేదు. బాబాయి ఈ మాటను ఇప్పటికీ ముందు చెబుతాడు.

కాయ దించారు, ఘాటు మాత్రం దిగలేదు. సీట్ల కింద, మ్యాట్ల కింద, ఏసీ గొట్టాల్లో మిరప గింజా పొడీ చేరిపోయాయి. చిలకలూరిపేటలో మెకానిక్కు అంతా విప్పి, గాలి కొట్టి, తానే తుమ్మి తుమ్మి బయట కూర్చున్నాడు. "బాబాయ్ గారూ, ఇది కారు కాదండీ, మిక్సీ జార్" అన్నాడు. విచిత్రమేమిటంటే బాబాయికి ఏమీ తెలిసేది కాదు. ఆయన ముక్కు ఆ మధ్యాహ్నమే చేతులెత్తేసింది. "ఎక్కడుంది ఘాటు? మీరే ఊహించుకుంటున్నారు" అనేవాడు.

దాంతో కారు ప్రయాణాలు ఆగిపోయాయి. పెళ్ళికి బయలుదేరితే తుమ్ము, లోపలికి వెళ్ళి నీళ్ళు. మళ్ళీ ఎక్కితే మళ్ళీ తుమ్ము, మళ్ళీ నీళ్ళు. ఒకసారి తాడేపల్లిలో గృహప్రవేశానికి బయలుదేరి అందరమూ కడుపునిండా నీళ్ళు తాగి, ఇక ఊరు దాటితే ఎక్కడ ఆగాల్సి వస్తుందోనని భయపడి మానుకున్నాం.

మరుసటి పంట కోతకు వచ్చే ముందు పిన్ని తేల్చి చెప్పింది. "కొత్త కాయ బస్తాలు ఈ కారున్న షెడ్డులో పెట్టుకోవాలి. ఆలోపు దీన్ని అమ్మితే అమ్మండి. లేదంటే తుక్కు కొనే ఆయన్ని పిలుస్తా."

తుక్కాయన అప్పటికే ఒకసారి వచ్చి, బానెట్ మీద వేలితో కొట్టి, పుచ్చకాయ చూసినట్టు చూసి వెళ్ళాడు. ఆ చప్పుడు బాబాయికి ఎక్కడో తగిలింది. నా దగ్గరికి గుంటూరు వచ్చాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఎవరైనా నడుపుకునేవాడికి పోతే చాలు రా. సుత్తితో కొట్టి ముక్కలు చేస్తారంటే వినలేను. నువ్వే ఏదో ఒక ప్రకటన రాయి." ఘాటైన కండిషన్ అని పెడదామన్నాడు. వద్దని చెప్పి, 'మిరప రైతు జాగ్రత్తగా వాడిన కారు' అని రాశాను. అందులో ప్రతి మాటా నిజమే.

మొదట పేట నుంచి రిటైరైన మాస్టారొకరు భార్యతో వచ్చారు. బండి చుట్టూ తిరిగి చూసి మెచ్చుకున్నారు. మాస్టారు ముందు కూర్చున్నారు, ఆవిడ వెనక. ఎండగా ఉందని ఆయనే ఏసీ నొక్కారు.

"హాచ్!"

బాబాయి బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. "ఇంకొకటి మాస్టారూ! ఇంకొక్కటి వదలండి, సరిపోతుంది. కావాలంటే అద్దంలోంచి సూర్యుడి వంక చూడండి, అదే వస్తుంది."

మాస్టారు బుద్ధిగా తల పైకెత్తి చూశారు. వచ్చింది. బాబాయి ఆనందంగా గేరు వేసేలోపు వెనక సీటులోంచి ఆవిడ తుమ్మింది.

"మూడు" అంది ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ. "దిగండి."

తరువాత వేటపాలెం నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి వచ్చాడు. సంగతి ఎలాగో తెలిసే వచ్చాడు. "జీడిగింజలు కాల్చేచోట పుట్టి పెరిగినోణ్ణండీ. ఆ పొగ ముందు మీ మిరపకాయెంత?" అని నవ్వుతూ ఎక్కాడు. గేటు దాకా నవ్వాడు. అక్కడ మొదలైంది. ఎన్ని తుమ్మాడో, సరిసంఖ్యో బేసిసంఖ్యో ఎవరికీ తెలియలేదు. అరుగు మీద పిన్ని ఒక లెక్క చెప్పింది, బాబాయి ఒక లెక్క చెప్పాడు.

"చివర్ది తుమ్ము కాదే, దగ్గు!"

"దగ్గుకి కళ్ళజోడు ఎగిరి పడుద్దా?"

వాళ్ళు తేల్చుకునేలోపు ఆయన కళ్ళజోడు వెతుక్కుని, ఆటో ఎక్కి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

అలా ఒక్కొక్కరే వచ్చి వెళ్ళగా గడువు ముగిసింది. తుక్కాయన మర్నాడు ట్రాలీ ఆటో తెస్తానన్నాడు. నేను ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాను. బాబాయి భోజనం చేసి కారు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

సాయంత్రం ఎండ తగ్గాక ఒక పెద్దాయన నడిచి వచ్చాడు. తెల్ల గడ్డం, తల మీద టోపీ, చొక్కా మీద అక్కడక్కడా దూది పోగులు. పేటలో పరుపుల దుకాణం ఆయనది. తరతరాలుగా దూదేకే కుటుంబం. భార్యకు మోకాళ్ళ నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేకపోతోందట. ఎత్తుగా ఉండి, కూర్చోవడానికి వంగనక్కర్లేని చిన్న కారు కావాలి. ఆ జపాను కారు పేరు ఆయన విన్నదే. "మా నాన్న చెప్పేవాడు, ఆ పేరున్న కారు చూశాడంట" అన్నాడు. ఆ మాటకు బాబాయి కుర్చీలోంచి లేచాడు.

ముగ్గురం ఎక్కాం. పెద్దాయన స్టీరింగు పట్టుకున్నాడు. బాబాయి పక్కన కూర్చుని ఏసీ మీట మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "గాలి బాగుందండీ, ఏసీ ఎందుకు" అన్నాడు. పెద్దాయన ఆ చెయ్యి మెల్లగా పక్కకు జరిపి మీట నొక్కాడు.

కారు కదిలింది. గేటు వచ్చింది.

"హాచ్!"

ఒకటే. ఇంకొకటి వచ్చే సూచన కూడా లేదు. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. అరుగు మీద పిన్ని అలవాటు కొద్దీ మంచినీళ్ళ చెంబు అందుకుంది.

పెద్దాయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "అల్‌హందులిల్లా" అన్నాడు. బండి ఆపలేదు, గేటు దాటించాడు. దాటించి బాబాయి వంక చూశాడు, ఏదో రావలసి ఉన్నట్టు.

"ఏంటి సాయిబుగారూ?" అన్నాడు బాబాయి భయంగా.

"తుమ్మినోడు దేవుణ్ణి తలుచుకుంటే, పక్కనున్నోడు నీకు మేలు జరగాలి అని దీవించాలి తమ్ముడూ. అది మా పద్ధతి."

"ఆపి నీళ్ళు తాగరా?"

"తుమ్మినందుకు నీళ్ళెందుకు? రోజంతా దూది దుమ్ములో ఉంటాం. తుమ్మినప్పుడల్లా ఆగితే పరుపు ఎప్పుడు కుట్టాలి?"

బాబాయికి ఆ దీవెన మాట తెలియదు. మా ఇళ్ళల్లో తుమ్ముకు ఇచ్చే దీవెన ఒక్కటే ఉంది. అదీ చంటిపిల్లలు తుమ్మితే పెద్దవాళ్ళు అనేది. కాసేపు తడుముకుని అదే అనేశాడు.

"చిరంజీవ!"

పెద్దాయన గడ్డం ఊగేలా నవ్వాడు. "నీకంటే పదేళ్ళు పెద్దోణ్ణి. పోనీలే, అర్థం అదే."

హైవే దాకా వెళ్ళాం. ఆయన తుమ్మడం, దేవుణ్ణి తలుచుకోవడం, బాబాయి "చిరంజీవ" అనడం. వెనక సీటులో నేను తుమ్మితే ఇద్దరూ దీవించారు. ఎదురుగా వస్తున్న పత్తి లారీల వాళ్ళు మా వంక వింతగా చూశారు. చాలాకాలం తరువాత ఆ కారు మూడో గేరు చూసింది. బాబాయి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఘాటు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను.

మర్నాడు తుక్కాయన వచ్చి ఖాళీ షెడ్డు చూసి వెళ్ళాడు.

పరుపుల సాయిబుగారు ఇప్పుడు కారులో భార్యతో పాటు దిండ్లు కూడా తిప్పుతున్నాడు. వెనక సీటు నిండా, అద్దాల దాకా. కొత్త కాయ బస్తాలు షెడ్డులోకి చేరిన వారం, కృతజ్ఞతగా మా పిన్నికి రెండు దిండ్లు పంపించాడు. మెత్తని పత్తి, పూల గలీబులు. పిన్ని వాటిని చూసి మురిసిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక దిండు వేసుకుని, హాయిగా కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చుకుంది.

"హాచ్!"

అరుగు మీద పేపరు చదువుతున్న బాబాయి చెవి రిక్కించాడు. రెండోది రాలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"బండి బాగానే తిరుగుతోంది రా" అన్నాడు నాతో. తరువాత గది వైపు తిరిగి, గొంతెత్తి, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి భార్యను దీవించాడు.

"చిరంజీవ!"