మెట్ట ఎడ్లు ఏటికొచ్చిన రోజు

మా పెద్దమ్మ లింగమ్మ పుట్టిల్లు వెల్దుర్తి మెట్ట. కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరికి కాపురానికొచ్చిన కొత్తల్లో, మొహం కడిగిన నీళ్ళు కూడా పారబోయకుండా బీరపాదుకు పోసేదట. ఏరు పక్కన పెట్టుకుని ఇదేం పిసినారితనమని మా నాయనమ్మ ఎగతాళి చేసేది. నీటి కరువెరగని వాళ్ళ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఏడు శ్రావణం వచ్చినా మెట్టన చినుకు రాలలేదు. ఊరు మొత్తానికి నీళ్ళున్నది ఒక్క మోతుబరి బావిలోనే. అడక్కుండా రెండు చేదలు తోడుకున్నాడని పెద్దమ్మ నాన్న బాలకోటయ్యను నలుగురిలో నిలబెట్టి తిట్టారు. అప్పటికే ఆయన ఎడ్లకు డొక్కలు ఎండిపోయాయి. ఆ జత పోతే సేద్యం పోయినట్టే, ఆ వయసులో ఇంకొకరి చేలో కూలికి పోవాల్సిందే. ఏమైతే అయిందని వాటిని తోలుకుని, దారిలో దొరికినచోట బతిమాలి గుక్కెడు పట్టించుకుంటూ కూతురి ఊరికి వచ్చాడు. ఆయన అంతకుముందు ఏరు చూసి ఎరగడు.

ఎవరో చెబితే పెద్దమ్మ రేవుకు పరిగెత్తింది. ఇక్కడ చినుకు లేదు గానీ, ఎగువ వానలకు కృష్ణ రెండొడ్లూ ఒరుసుకుని ఎర్రగా పారుతోంది. ఎడ్లు నీళ్ళ వాసనకు మెడలు సాచి గుంజుతున్నాయి. బాలకోటయ్య పలుపులు చేతులకు చుట్టుకుని, మడమలు తన్నిపెట్టి వాటిని వెనక్కి లాగుతున్నాడు. అరచేతులు కోసుకుపోయి నెత్తురు కారుతోంది.

"ఏంది నాయనా, తాగనీయవేంది?" అంది పెద్దమ్మ.

"ఎవుర్నడగాలమ్మా?" అన్నాడాయన, ఏటి మీంచి చూపు తిప్పకుండానే.

పెద్దమ్మ ఆయన చేతుల్లోంచి పలుపులు తనే విప్పింది. "ఎవుర్నీ అడగాల్సిన పన్లేదు నాయనా."

ఎడ్లు మోకాళ్ళ లోతుకు దిగి మూతులు ముంచాయి. బాలకోటయ్య చెప్పులు గట్టు మీదే విడిచి అంచు దాకా వెళ్ళాడు. దోసెడు నీళ్ళు తీసి కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే తాగాడు. అవతలి ఒడ్డు దాకా చూశాడు, ఎగువకు చూశాడు, దిగువకు చూశాడు.

"రేత్రిళ్ళు కూడా పారద్దా?"

"పారద్ది."

"ఇన్ని నీళ్ళు ఏడికి పోతయ్యమ్మా?"

"సముద్రంలోకంట నాయనా."

ఆయన చానాసేపు ఆ పారకం వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఏం, ఆడ నీళ్ళు లేవా?" అన్నాడు.