రేగుపండు రంగు

నా నోట్లో పడితే బల్లి మొసలవుతుంది. ఆ సంగతి ముందే ఒప్పుకుని మొదలుపెడుతున్నాను. బంగారుపాళ్యంలో నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీలో ఇవాళ బోరు కుళాయి కింద చేతులు కడుక్కుంటే సబ్బు నురగ రాలేదు, విరిగిన పాలలా తెట్టు కట్టింది. పక్కనే, రేపటికల్లా తీసెయ్యమని ప్రిన్సిపాల్ హుకుం జారీచేసిన నా నల్లరాయి గోతం. ఆ జిడ్డు వేళ్ళకు తగలగానే ఖాదర్ సార్ గుర్తొచ్చారు.

తిరుపతిలో నాకు చదువు చెప్పిన మనిషి ఆయన. గోదావరి వైపు గనుల్లో బొగ్గుతో పాటు పైకొచ్చి, ఎవరికీ అక్కరలేక గుట్టలుగా పడుండే ఇలాంటి నల్లరాయినే రెండు గోతాల్లో రైల్లో తెచ్చారు. ఆ బరువుకు రైలు రేణిగుంట దాకా ఒక పక్కకు ఒరిగే వచ్చింది. ఆ రాయిని పొడిచేసి, కాల్చి, కాస్టిక్ సోడాతో ఉడికిస్తే జియోలైట్ అనే తెల్లపొడి వస్తుందనీ, కంటికి కనబడని దాని బొక్కల్లో బోరు నీళ్ళ సున్నమంతా చిక్కుకుంటుందనీ ఆయన పట్టుదల.

మా డిపార్ట్‌మెంటు హెడ్డు గారికి మాత్రం అది చెత్త. ల్యాబులో ఫర్నేస్‌కు తాళం వేసి, "సోమవారానికి ఇది ఈడ కనబడకూడదు ఖాదర్" అన్నారు. సార్ ఆ గోతాలను చిత్తూరులో వాళ్ళ నాయన కళాయి అంగడికి చేర్చారు. గిన్నెలకు కళాయి పూసే ఆ కొలిమి దగ్గర తిత్తి ఊదడం నా పని. చిత్తూరంతటికీ వెలుగొచ్చేలా ఊదాను. ఆ మొదటి వాయి పొడి ఎంత ఉడికించినా మారలేదు. నాయన దగ్గర మంట రంగు చదవడం నేర్చిన సార్ నవ్వారు. "సూడబ్బా, రేగుపండు రంగొస్తే సాలు. మామిడిపండు దాకా పోతే రాయి సచ్చిపోతాది." రెండో వాయి రేగుపండు రంగు దగ్గరే ఆపాం, తెల్లపొడి దిగింది.

సోమవారం బకెట్టు నీళ్ళు, పొడి నింపిన గాజు గొట్టం మోసుకుని నేనే ముందు నడిచి హెడ్డు గారి తలుపు తోశాను. పొడిలోంచి దిగిన నీళ్ళతో సబ్బు రుద్దుకోమని సార్ ఆయన్ను కోరారు. నురగ మోచేతులు దాటి, ఫైళ్ళు ముంచి, కిటికీ దూకి తిరుమల ఘాటు రోడ్డు పట్టింది.

"ఇది సెత్తయితే, మీ సేతి మీదుండే నురగేంది సార్?" అన్నారు ఖాదర్ సార్.

హెడ్డు గారు చేతులు తుడుచుకుని, ఫర్నేస్ తాళంచెవి బల్ల మీద పెట్టారు.

రైలు ఒరగలేదు. నురగ కొండెక్కలేదు, మణికట్టు దాకే వచ్చింది. అవి పెంచినవి. పూర్తిగా కల్పించింది ఒక్కటే, నేను ముందు నడవడం. ఆ పొద్దున నేను వరండాలో స్తంభం వెనక దాక్కుని ఉన్నాను. బకెట్టూ గొట్టమూ సారే మోశారు, మోచేత్తో తలుపు తోసుకుంటూ.

గోతం తీయను. రేపు ప్రిన్సిపాల్ తలుపు నేనే తోస్తాను.