పాంథియన్‌లో అక్క పాదాలు

రోములో పాంథియన్ గుమ్మం దగ్గరే మా అక్క చెప్పులు విప్పేసింది. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి ఆ కట్టడం ఇప్పుడు చర్చి అని విన్నది. విడవలూరులో మా చర్చిలోకి ఎవరూ చెప్పులతో వెళ్లరు.

"అందరూ బూట్లతోనే పోతున్నారు కదక్కా!" అన్నాను సిగ్గుపడుతూ.

"పోతే పోనీ. ప్రభువు ముందర నాకు చెప్పులెందుకు?" అంటూ వాటిని సంచిలో పెట్టుకుని లోపలికి నడిచింది.

లోపల తల పైకెత్తితే గోపురం నడిమధ్య పెద్ద కంత! దానికి అద్దం కూడా లేదు. అప్పుడే మొదలైన వాన నేరుగా నేల మీద పడుతోంది. తడిసే చోటు చుట్టూ తాడు కట్టారు. అక్క ఆ తాడు దగ్గర ఆగి, పాదాలు అటూ ఇటూ జరిపి, "చూడుమే, నేల వాలుగా ఉండాది! నీళ్లు యాడికో పోతుండాయి!" అని కేక పెట్టింది.

కాపలా ఆయన గబగబా వచ్చాడు. చెప్పుల గురించే అనుకుని అక్క పాదాలకు అడ్డంగా నిలబడ్డాను.

"ఆమె ఏమంటోంది?" అని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇక్కడ అందరూ పైకే చూస్తారు. కాళ్లతో కనిపెట్టిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను!" అంటూ తాడు ఎత్తి మమ్మల్ని లోపలికి పిలిచి, నేల రాతిలో చిన్న చిన్న రంధ్రాలు చూపించాడు. వాన నీళ్లన్నీ వాటిలోకి దిగిపోతున్నాయి.

"మన వరిమడికి తూము పెట్టినట్టే పెట్టినారే!" అంటూ అక్క వానలో నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయనా కొట్టాడు.

నేను వంగి నా బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాను.