సాంబారు జోకు

పాత టీవీ కామెడీల పేరెత్తి ఎవరైనా కళ్ళు తడి చేసుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. "ఎంత మంచి నవ్వులండీ! ఇంటిల్లిపాదీ కలిసి చూసేవాళ్ళం" అంటారు. ఆహా, మేమూ చూశాం. మా నాన్న చేత వేషం వేయించి మరీ చూపించారు మాకు.

ఏక్‌బాల్‌పూర్‌లో కింది గది మాది. శ్రీకాకుళం నుంచి వచ్చిన నాన్న ఓడల డాక్‌లో మూటలు మోసేవారు. టీవీ మేడమీద ఉండే బెంగాలీ ఇంటివాళ్ళది. మేడకు ఎర్రజెండా కట్టి, కూలీలంతా ఒక్కటేనని ఉపన్యాసాలు చెప్పే ఇల్లే అది. ఇంటావిడను మాశీమా అనేవాళ్ళం, మన పిన్ని అన్నట్టు. ఆవిడ నాన్నను దాదా అనేది, అన్నయ్య అన్నట్టు. వారానికో సాయంత్రం హిందీ కామెడీ వచ్చేది. మేం నలుగురం మెట్లెక్కి వెళితే గుమ్మం పక్కన చాప వేసేది. లోడ్‌షెడ్డింగ్ రాకపోతే నాకూ చెల్లికీ ఆ అరగంటే పండగ.

ఒకసారి ఆ కథలోకి ఒక మద్రాసీ వచ్చాడు. లుంగీ, విభూతి, ఊగే తలకాయ. "అయ్యయ్యో, హమ్‌కో సాంబార్ మాంగ్‌తా జీ" అన్నాడో లేదో టీవీలోంచి నవ్వులు. మాశీమా నాన్నవైపు తిరిగింది.

"దాదా, మీవాడొచ్చాడు! మీరూ ఒక్కసారి అనండి."

"మనోడేటి? ఆడు అరవోడు కదేటి?" అని నాన్న అమ్మను గుసగుసగా అడిగారు.

మా ఇంట్లో సాంబారు వండిన పాపాన పోలేదు. ఎండుచేపల పులుసు తినే మనిషి ఆయన. కానీ గదిలో అందరూ ఆయన్నే చూస్తున్నారు. నాన్న లేచి, తల ఊపి, తనది కాని యాసలో ఆ మాట అనేశారు. ఇల్లంతా గొల్లుమంది.

ఇక అది ఆనవాయితీ అయిపోయింది. మద్రాసీ రావడం, నాన్న లేవడం. ఒక వారం నడుం పట్టేసి నాన్న కిందే పడుకున్నారు. మేం ముగ్గురం పైకి వెళ్ళాం.

"దాదా ఏరీ? ఆయన లేకపోతే మజా ఏముంది?" అంది మాశీమా.

పొమ్మనలేదు. చాప మాత్రం వేయలేదు. అమ్మ మా ఇద్దరి రెక్కలూ పట్టుకుని కిందికి దింపుకొచ్చేసింది. చెల్లి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు వినలేక నాన్న గోడ పట్టుకుని లేచారు.

"ఇంకెల్లొద్దు. ఆళ్ళకి మనం ఆటబొమ్మలమేటి?" అంది అమ్మ.

"ఒగ్గీయే. ఒక మాటంటే నాకేటి అరిగిపోద్దా? పిల్లలు సూడాల కదేటి" అంటూ మెట్లెక్కారు నాన్న. వెంటనే చాప పడింది.

అప్పుడు అమ్మ ముఖం చూసి నాకు అర్థమైంది, వాళ్ళు ఎవరిని చూసి నవ్వుతున్నారో. చెల్లికి అర్థం కాలేదు. బొత్తిగా పసిది.

కొన్నాళ్ళకు మేమే ఒక పాత టీవీ కొనుక్కున్నాం. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. హమ్మయ్య, పీడ విరగడైంది అనుకున్నాను. తలుపు గడియ పెట్టుకుని, మా మంచం మీద మేం కూర్చుని చూస్తున్నాం. మద్రాసీ వచ్చాడు. నాన్న చూపు తిప్పుకుని బీడీ కోసం తడుముకున్నారు. చెల్లి ఆయన మోకాలు పట్టుకుని ఊపింది.

"నాన్నా, నీ వంతొచ్చింది. అనవేటి?"

"నోర్ముయ్యే" అంది అమ్మ.

చెల్లి బిక్కమొహం వేసింది. టీవీలో మనిషిలా మాట్లాడగలిగేది ఆ మేడంతటికీ మా నాన్న ఒక్కడేనని దాని గర్వం. నాన్న దాని మొహంలోకి చూశారు. బీడీ పక్కన పెట్టి, లేచి నిలబడి, తల ఊపి, అదే యాసలో అన్నారు. అది చప్పట్లు కొట్టింది. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

చెల్లి ఇప్పుడు ఆ కామెడీని ఫోన్‌లో వెతికి తన పిల్లలకు చూపిస్తుంది. మద్రాసీ రాగానే లేచి నిలబడి, తల ఊపి, తాతయ్య ఎలా అనేవారో చేసి చూపిస్తుంది. పిల్లలు పగలబడి నవ్వుతారు.