కడుపుమంట మీద పరిశోధన

“వదినా, పాపకి కూడా వాళ్ళ నాన్న జబ్బే వచ్చిందేమో! వారం నుంచి కడుపు నొప్పంటోంది.”

ఆమె ఫోనెత్తగానే పలకరింపైనా లేకుండా అనేశాను. అవతల ఏదో యంత్రం రొద.

“బరువు తగ్గిందా? మలంలో రక్తం పడుతోందా? నొప్పికి నిద్రలోంచి లేస్తోందా?”

అన్నిటికీ లేదన్నాను.

“అయితే ముందు ఊపిరి పీల్చుకో. సాయంత్రం వస్తాను. ఈలోగా ఇంటర్నెట్ జోలికి పోకు.”

అప్పటికే పోయాను. జీవరసాయన శాస్త్రం చదివినదాన్ని కావడంతో మిగతా తల్లులు ఆగే చోట ఆగలేదు. పరిశోధన పత్రాల దాకా వెళ్ళి, నా భయానికి ఆధారాలు కూడా సంపాదించుకున్నాను.

వదిన అంటే మా ఆయన అక్క. వైద్యం చదివి, పేగుల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయే వాపు మీద పరిశోధన చేస్తోంది. ఒంటిని కాపాడాల్సిన కణాలే పేగు గోడ మీద విరుచుకుపడే జబ్బది. ఆమె ఆ పనిలో చేరిన కొన్నేళ్ళకి మా ఆయనకి అదే జబ్బని తేలింది. మందులతో కుదుటపడ్డాక, “అక్కకి ముడిసరుకు కొరత రాకూడదని నేనే పూనుకున్నా,” అంటాడు. అలాంటివాళ్ళ పిల్లలకి అది వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. ఆ ‘కాస్త’ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

బంధువులు ఆమెని చాటుగా ‘పేగులమ్మ’ అంటారు. ఓ విందులో ఒక పెద్దాయన ఏం పని చేస్తావని అడిగితే, “కడుపుమంట మీద పరిశోధన బాబాయ్,” అంది.

“దానికి ఆసుపత్రి దాకా వెళ్ళడం దేనికమ్మా? మన చుట్టాలు చాలరూ?”

వదిన పకపకా నవ్వి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నమూనాలు కూడా కావాలని ఆయన్నే అడిగింది. ఏ నమూనానో తెలిశాక ఆయన ప్లేటు పట్టుకుని వేరే బల్లకి మారిపోయాడు.

ఆమె పనిచేసే గది ఒకసారి చూశాను. కిటికీ పక్కన మైక్రోస్కోపు, గోడవారగా బీరువా అంత ఫ్రీజరు. దాని మీద ‘తినేవి ఇందులో పెట్టకూడదు’ అని ఆమె చేతిరాత. కింద ఇంకెవరిదో: ‘పెట్టినా ఎవరు తింటారు?’

సాయంత్రం వదిన వచ్చేసరికి పాప చెక్క ముక్కలతో ఇల్లు కడుతోంది.

“కడుపు నొప్పిగా ఉందామ్మా?” అడిగాను.

“ఊఁ.”

“చూశావా వదినా!”

వదిన పాప పక్కనే నేల మీద చతికిలబడింది. “మోచెయ్యి నొప్పా తల్లీ?”

“ఊఁ.”

“చెవి తమ్మె?”

“ఊఁ, బాగా.”

“జుట్టు?”

పాప కాస్త ఆలోచించింది. “కొంచెం, అత్తా.”

వంటింట్లోంచి మా ఆయన నవ్వు వినిపించింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“నొప్పి లేదని నేననడం లేదు,” అంది వదిన. “రేపు పిల్లల డాక్టరుకి చూపించు. ఎత్తూ బరువూ చూస్తారు, మల పరీక్ష చేయిస్తారు. పేగులో వాపుంటే దాంట్లో జాడ తెలుస్తుంది. నువ్వడిగే తీరుకి మాత్రం ఏదీ తేలదు. నేనూ అలాగే చేశాను మొదట్లో. రోగులకి రోజూ ఫోన్ చేసి, నొప్పెంత, నొప్పెంత అని ప్రాణం తీసేదాన్ని. మైక్రోస్కోపులో చూస్తే వాపు తగ్గుతోంది, ఫోన్లో నొప్పి పెరుగుతోంది. చివరికి ఒకావిడ, ‘మీరు ఫోన్ చేసేదాకా బాగానే ఉంటున్నా డాక్టరమ్మా!’ అంది. ఏడాది పని బుట్టదాఖలు!”

ఆ మాట చెబుతూ తనే అందరికంటే ఎక్కువ నవ్వింది.

డాక్టరు చూశారు. ఎత్తూ బరువూ వయసుకి తగ్గట్టే ఉన్నాయి, పరీక్షలో వాపు జాడ లేదు. అయినా నా మనసు ఊరుకుంటుందా? మళ్ళీ ఫోన్ చేశాను. “ముందు ముందు వస్తే?”

“వస్తే చూసుకుందాం, మందులున్నాయి, నేనున్నాను. ఈలోపు కడుపు సంగతి నువ్వెత్తకు. ఇవాళ ఏం ఆడావని అడుగు. ఎప్పుడైనా ఆట మానేసి ముడుచుకుని కూర్చుంటే, అప్పుడు నాకు చెప్పు.”

పాప బడి నుంచి రాగానే పాత ప్రశ్న నోటి దాకా వస్తుంది. మింగేసి, “ఇవాళ ఏం ఆడావే?” అంటాను. ఆ జవాబు స్నానం దాటి, భోజనం దాకా సాగుతుంది.