కాన్పుగది దీపానికి అల్యూమినియం పలక

2008 జూన్‌లో నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం డివిజన్‌కు డెప్యుటేషన్ మీద పంపారు. హోదా పరికరాల టెక్నీషియన్. అడవి అంచు ఆరోగ్య కేంద్రాల్లో పాడైన యంత్రాలు బాగుచేయడం పని. సర్క్యూట్ బోర్డుల విషయంలో నాకు ఎదురు లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

పర్ణశాల దారిలోని ఒక కేంద్రంలో సుశీలమ్మ నర్సు. వానాకాలం కరెంటు పోతే, ఆమె కుట్లు వేసినంతసేపూ ఆయా టార్చి పట్టుకోవాల్సిందే. "సోమవారం పెద్ద డాక్టర్ తనిఖీకి వస్తుండు సార్. బ్యాటరీ మీద నడిచే మంచి లైటు లేకుంటే కాన్పుగది బంద్ అన్నడు. నొప్పులొచ్చినోళ్లను జీపుల భద్రాచలం దాంక తోలాలె, ఎట్ల?" అంది. చేసి తెస్తానని మాటిచ్చాను.

హైదరాబాద్ మిత్రుడొకరు మూడు హైపవర్ ఎల్‌ఈడీలు, రెండు అల్యూమినియం బోర్డు ముక్కలు పంపాడు. అంతకుమించి దొరకలేదు. ఈ ఎల్‌ఈడీలు మామూలు బోర్డు మీద వేడి దిగక నిమిషాల్లో మాడిపోతాయి. అందుకే అడుగున అల్యూమినియం, మధ్యన పలుచని ఇన్సులేషన్ పొర, పైన రాగి రేకు ఉన్న బోర్డు కావాలి. రాగి మీద కరెంటు నడిచే దారులు చెరగని మార్కర్‌తో గీసి, మిగతా రాగిని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో కరిగించాలి. మామూలు బోర్డులు ఇలా ఎన్ని చేయలేదు కనక! అలవాటుగా మొదటి ముక్కను ప్లాస్టిక్ టబ్బులో ముంచాను. ద్రావణం బుసబుసా పొంగింది. టబ్బు ముట్టుకోలేనంత వేడెక్కింది. తీసి చూస్తే అల్యూమినియం జల్లెడైపోయింది.

నా భార్య రత్నకుమారి గుమ్మంలో నిలబడి నవ్వింది. "సత్తు గిన్నెల చింతపులుసు ఉంచితేనే చిల్లులు పడ్తయ్. మీరు ఏకంగ యాసిడ్ల ముంచిన్రా?" అంది. ఒళ్లు మండింది గానీ ఆమె అన్నది నిజమే, సత్తు అంటే అల్యూమినియమే. రాగి ఒక్కటే చూసుకున్నాను, కింద మరో లోహం ఉందన్న ధ్యాసే లేదు. చర్చి కోసం దాచిన కొవ్వొత్తులు తనే కరిగించి, రెండో ముక్క వెనకవైపూ అంచులకూ దట్టంగా మైనం పూసింది. ఈసారి రాగి మాత్రమే కరిగింది.

తర్వాత ఇంకో తంటా. పలక వేడినంతా లాగేసుకోవడంతో సోల్డరింగ్ ఐరన్ ఎంతసేపు ఆనించినా అతుకు వేసే సోల్డర్ కరగలేదు. వేడినీళ్లతో మైనం తీసి, సోల్డర్ ముక్కలు పేర్చిన పలకను స్టవ్ మీది దోసెల పెనంపై పెట్టాను. సోల్డర్ కరిగి మెరవగానే ఎల్‌ఈడీలను పట్టకారుతో దించి స్టవ్ ఆపేశాను. "ఆ పెనం ఇంక మీరే ఉంచుకోండ్రి" అంది రత్నకుమారి. కొత్తది కొనక తప్పలేదు.

సోమవారం డాక్టరుగారు బ్యాటరీకి తగిలించిన దీపాన్ని గంటసేపు వెలిగించమన్నారు. వెనక పలక మీద చెయ్యి పెట్టి చూశారు. వేడిగా ఉంది గానీ చెయ్యి కాలలేదు. కాన్పుగది కొనసాగించవచ్చని రిజిస్టర్‌లో రాశారు. నాకు పట్టలేనంత సంతోషమైంది. గురువారం మధ్యాహ్నం కరెంటు లేనప్పుడు సుశీలమ్మ ఆ వెలుగులోనే ఒక తల్లికి కుట్లు వేసి, "ఆయా చేతులు ఖాళీగ ఉండె సార్, బిడ్డను ఎత్తుకున్నది" అని ఫోన్ చేసింది.

సామగ్రి కొత్తదైతే, ముందు దాన్ని రోజూ వాడేవారిని అడగాలని ఆ వారం నేర్చుకున్నాను. రెండో ముక్క లేకపోయి ఉంటే, నేను అది నేర్చుకునేసరికి కాన్పుగదికి తాళం పడేది.